పేటెంట్ దరఖాస్తుకు పూర్వజ్ఞానం వర్తింపు - నిర్ణయించే విధానం

పాత పత్రమో, పాత వాడకమో దొరికినంత మాత్రాన పేటెంట్ దరఖాస్తు వీగిపోదు. ఆ పూర్వజ్ఞానం దరఖాస్తుకు వర్తిస్తుందా లేదా అన్నది తేల్చవలసి ఉంటుంది. ఇందుకు నాలుగు ప్రశ్నలు తోడ్పడతాయి.

1. తేదీ: పూర్వజ్ఞానం దరఖాస్తు ప్రాధాన్యతా తేదీకి ముందే వెలువడిందా? ముందే దాఖలై, తరువాత ప్రచురితమైన ఇతర దరఖాస్తులను విడిగా పరిశీలిస్తారు.

2. అందుబాటు: అది ప్రజలకు అందుబాటులో ఉందా? బీరువాలో దాచిన రహస్య నివేదిక పూర్వజ్ఞానం కాదు. గ్రంథాలయంలో పాఠకులకు అందే సిద్ధాంత గ్రంథం అవుతుంది.

3. నవీనత: క్లెయిములోని అంశాలన్నీ ఒకే పత్రంలో ఉన్నాయా? ఒక్క అంశం కొరవడినా నవీనత నిలుస్తుంది. అందువల్ల క్లెయిమును అంశాలుగా విడదీసి, ఒక్కొక్కదానిని పత్రంతో సరిపోల్చాలి.

4. ఆవిష్కరణాత్మకత: కొరవడిన అంశం ఆ రంగంలో నిపుణుడికి సులభంగా తోచేదేనా? ఇక్కడ రెండు మూడు పత్రాలను కలిపి చూడవచ్చు. అయితే ఆవిష్కరణ తెలిసిన తరువాత ప్రతిదీ సులభంగానే కనిపిస్తుంది కనుక, ఆ తేదీనాటి జ్ఞానంతోనే తూచాలి.

రెండవ ప్రశ్న ప్రాముఖ్యం పసుపు, వేప వివాదాలలో తేటపడుతుంది. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికా పేటెంట్ లభించింది. నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశాలలోని వాడకం పూర్వజ్ఞానం కాదు. ముద్రిత రచన కావాలి. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1953 నాటి వైద్య పత్రికా వ్యాసంతో సహా లిఖిత ఆధారాలు సమర్పించగా, 1997లో ఆ పేటెంట్ రద్దయింది. వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అరికట్టే పద్ధతికి 1994లో ఇచ్చిన యూరప్ పేటెంట్ విషయంలో పరిస్థితి వేరు. అక్కడి చట్టంలో ఏ దేశంలోని బహిరంగ వాడకమైనా లెక్కకు వస్తుంది. ఆ పేటెంట్ 2000లో రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. అమెరికా చట్టం సైతం 2013 మార్చి 16 నుంచి విదేశీ వాడకాన్ని పరిగణిస్తున్నది.

భారత పేటెంట్ల చట్టం, 1970 సెక్షన్ 3(పి) ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లభించదు. సెక్షన్ 25(1) కింద, దరఖాస్తు ప్రచురితమైన తరువాత, పేటెంట్ మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చు. స్థానిక సమాజాలలోని మౌఖిక జ్ఞానమూ అందుకు ఆధారమే. కాని మౌఖిక జ్ఞానానికి రుజువు కావాలి. రైతుల పద్ధతిని నమోదు చేసేటప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు పంట, తెగులు, తయారీ విధానం, మోతాదు, ఊరు, తేదీ స్పష్టంగా వ్రాయాలి. 'రైతులు వేప వాడుతున్నారు' అన్న ఒక్క వాక్యం మూడవ ప్రశ్నకు నిలువదు.

ఇదే సూత్రం పరిశోధకునికీ వర్తిస్తుంది. దాఖలుకు ముందే ప్రచురించిన సొంత వ్యాసం తన దరఖాస్తుకే అడ్డు రావచ్చు. విద్వత్సభలో సమర్పించిన పత్రానికి సెక్షన్ 31 పన్నెండు నెలల వెసులుబాటు ఇస్తున్నా, అది పరిమితమైనది. ఇతర దేశాలలో చెల్లకపోవచ్చు. కనుక ముందు దాఖలు, తరువాత ప్రచురణ అన్నదే క్షేమకరమైన క్రమం.