హెడ్ విప్పించే ముందు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు కొన్న పాత ఓమ్ని హీటెక్కుతోందనీ, షెడ్డులో ఇంజన్ హెడ్ విప్పాలంటున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తొందరపడి ఒప్పుకోకురా. హెడ్ విప్పడం ఆఖరి పని. అంతకంటే ముందు చూడాల్సినవాటిలో సగానికి పానా కూడా అక్కర్లేదు.

అసలు ఎప్పుడు హీటెక్కుతోందో గమనించావా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేచి, బండి కదలగానే దిగుతుంటే లోపం ఫ్యాన్ వైపు ఉంది. బండి పరుగెడుతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోంచి దూరుతుంది, నిలబడితే ఫ్యానే దిక్కు. ఫ్యాన్ స్విచ్‌కి వచ్చే రెండు వైర్లూ ఊడదీసి, కీ ఆన్ చేసి, వాటిని ఒకదానికొకటి తాకించు. చేతులు రెక్కలకు దూరంగా ఉంచు. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయినట్టే. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూపించు.

హైవే మీద, నిండా జనంతో వెళ్తున్నప్పుడే హీటెక్కుతుంటే రేడియేటర్‌ని అనుమానించు. ఇన్నేళ్ళూ దానికి బోరు నీళ్ళే పోసుంటారు. నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లపొరే అందులోనూ పట్టి గొట్టాలు పూడుకుపోతాయి. ఇంజన్ ఆపి, ఫ్యాన్ వైరు తీసేసి, రేడియేటర్‌కి దగ్గరగా అరచెయ్యి పెట్టి చూడు. ఒకచోట సెగ తగిలి, పక్కనే చల్లగా ఉంటే ఆ చల్లటి చోట నీళ్ళు పారడం లేదు.

ఇంజన్ కాలిపోతున్నా రేడియేటర్‌కి వెళ్ళే హోస్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదన్నమాట. విప్పించి, గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసి కాచు. సుమారు 82 డిగ్రీల దగ్గర విచ్చుకోవడం మొదలై, నీళ్ళు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. మన ఎండలకి అది అక్కర్లేదని పీకేసేవాళ్ళున్నారు. పీకనివ్వకు. సరిగ్గా వేడెక్కని ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది.

ఎవరూ పట్టించుకోనిది రేడియేటర్ క్యాప్. దానిమీద 0.9 అని ఉంటే, లోపలి నీళ్ళను అంత ఒత్తిడిలో ఉంచి 118 డిగ్రీల దాకా మరగనివ్వదని అర్థం. రబ్బరు పగిలితే అవే నీళ్ళు 100 దగ్గరే మరిగి బాటిల్లోకి పొంగి పోతాయి. ఎక్కడా కారడం లేదు, నీళ్ళు మాత్రం తగ్గిపోతున్నాయని తలపట్టుకునే వాళ్ళలో చాలామంది క్యాప్ వైపు చూడరు. ముందు కొత్తది కొను.

ఇవన్నీ బాగున్నా హీటెక్కుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ సంగతి. పొద్దున్నే చల్లటి ఇంజన్‌కి క్యాప్ తీసి స్టార్ట్ చెయ్యి. బుడగలు ఆగకుండా వస్తుంటే, ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడితే, ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్లపొగ వదులుతుంటే షెడ్డువాళ్ళు చెప్పింది నిజమే. విప్పించు.

ఒక్కటి మాత్రం మరువకు. ఓమ్నిలో ఇంజన్ ముందు సీటు కిందే ఉంటుంది, సీటెత్తి వంగితే ఆవిరి ముఖానికే కొడుతుంది. వేడిమీద క్యాప్ తిప్పకు. కాలే ఇంజన్‌లో చన్నీళ్ళు పొయ్యకు, అల్యూమినియం హెడ్ వంగిపోతుంది.

క్యాప్ మార్చి, ఫ్యాన్ చూసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. అప్పటిదాకా పిల్లల్ని ఎక్కించుకుని దూరాలు వెళ్ళొద్దు.

నీ మామయ్య