పొలం పరికరాలలో సీరియల్ సమాచార మార్పిడి: బ్లాకింగ్, నాన్-బ్లాకింగ్ పద్ధతుల ఎంపిక

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి భూములలో రబీ శనగ ప్రధానంగా నేలలో నిలిచిన తేమపై ఆధారపడి పండుతుంది. అందుచేత నేల తేమను, వర్షపాతాన్ని నమోదు చేసే పరికరాల విశ్వసనీయత పరిశోధనకు ముఖ్యం. ఇటువంటి పరికరంలో మైక్రోకంట్రోలర్ తేమ సెన్సారుతోను, మోడెమ్‌తోను సీరియల్ మార్గంలో సమాచారం ఇచ్చిపుచ్చుకొంటుంది. అందుకు తగిన పద్ధతిని ఎంచుకొనే విధానం ఈ వ్యాసంలో వివరించడమైనది.

రెండు పద్ధతులు

బ్లాకింగ్ పద్ధతిలో సమాచారం పూర్తిగా వెళ్లేవరకు లేదా వచ్చేవరకు ప్రోగ్రాము అక్కడే నిరీక్షిస్తుంది. నాన్-బ్లాకింగ్ పద్ధతిలో వచ్చిన ప్రతి బైటూ ఇంటరప్ట్ ద్వారా బఫరులో చేరుతుంది. ప్రధాన ప్రోగ్రాము తన పని సాగిస్తూ, సందేశం పూర్తయినదా అని మధ్యమధ్య పరిశీలిస్తుంది.

నిరీక్షణ కాలం

సెకనుకు 9600 బిట్ల వేగంలో, ప్రారంభ, ముగింపు బిట్లతో కలిపి ఒక బైటుకు 10 బిట్లు అవసరం. 60 బైట్ల సందేశానికి 62.5 మిల్లీసెకన్లు పడుతుంది. గంటకొకసారి మేల్కొని, తేమను చదివి, తిరిగి నిద్రావస్థకు వెళ్లే పరికరానికి ఈ జాప్యం లెక్కలోనిది కాదు. అక్కడ బ్లాకింగ్ పద్ధతే మేలు. ప్రోగ్రాము చిన్నది, దోషాలను కనుగొనడం సులభం.

మోడెమ్ విషయం వేరు. సిగ్నలు బలహీనమైన చోట జవాబుకు పదుల సెకన్లు పట్టవచ్చు. 0.2 మి.మీ.కు ఒకసారి ఒరిగే టిప్పింగ్ బకెట్ వర్షమాపకం, గంటకు 60 మి.మీ. తీవ్రతగల వానలో 12 సెకన్లకొక సంకేతమిస్తుంది. ఆ సంకేతాన్ని ప్రధాన ప్రోగ్రామే గమనించవలసి ఉంటే, 36 సెకన్ల నిరీక్షణలో మూడు సంకేతాలు, అనగా 0.6 మి.మీ. వర్షం నమోదు కాదు. సంకేతాలను ఇంటరప్ట్ ద్వారా లెక్కిస్తే, సీరియల్ మార్గం బ్లాకింగ్‌లో ఉన్నా ఈ నష్టం తప్పుతుంది. అయితే అదే పరికరం డ్రిప్ వాల్వును సకాలంలో మూయడం వంటి పనులు కూడా చేయవలసినపుడు నాన్-బ్లాకింగ్ పద్ధతి అవసరమవుతుంది.

జాగ్రత్తలు

1. నల్లరేగడి ఎండి నెర్రెలు బారినపుడు తీగలు లాగబడి తెగవచ్చు. గడువు లేకుండా నిరీక్షిస్తే పరికరం మొత్తం స్తంభిస్తుంది. ప్రతి నిరీక్షణకు గడువు విధించి, అది దాటితే ఆ విలువను ‘లభ్యం కాలేదు’ అని నమోదు చేయాలి. సున్నాగా కాని, పాత విలువగా కాని రాయరాదు.

2. 9600 వేగంలో 64 బైట్ల బఫరు సుమారు 67 మిల్లీసెకన్లలో నిండుతుంది. అంతకు ముందే దానిని ఖాళీ చేయని ప్రోగ్రాములో తరువాతి బైట్లు నష్టమవుతాయి.

3. 8 బిట్ల ప్రాసెసరులో ఇంటరప్ట్ మార్చే పెద్ద సంఖ్యను చదివేటపుడు ఇంటరప్ట్‌ను క్షణకాలం నిలపాలి.

ముగింపు

అతి దీర్ఘమైన నిరీక్షణలో వాయిదా వేయరాని పని ఏదైనా ఉన్నదా అన్నదే ఎంపికకు కొలమానం. లేనిచోట గడువుతో కూడిన బ్లాకింగ్ చాలు. పరికరాన్ని పొలంలో అమర్చే ముందు సెన్సారు తీగను విడదీసి, మోడెమ్ యాంటెన్నాను తొలగించి, వర్షమాపకపు బకెట్‌ను చేతితో యాభైసార్లు ఒరిగించి చూడాలి. నమోదు 10 మి.మీ. చూపితేనే ఆ పరికరం పొలానికి సిద్ధమైనట్లు భావించాలి.