నిఘా ఉపగ్రహాలకు పద్దు ఎట్ల రాస్తారు?

2025 మే 18, ఆదివారం. తెల్లవారి 5:59కి శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ61 లేచింది. కురుడుమలెలో మా ఇంటి అరుగు మీద కూర్చుని అవ్వా నేనూ ఫోనులో చూస్తా ఉన్నాం. మొదటి రెండు దశలు బాగానే నడిచాయి. మూడో దశలో మోటారు లోపలి పీడనం పడిపోయింది. ఈఓఎస్-09 అనే ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. అవ్వ అడిగింది ఒకటే మాట: "ఎంత దుడ్డు పోయిందే?"

ఆ ప్రశ్న పట్టుకుని నాలుగు వారాలు లైబ్రరీలో పాత పేపర్లు, బడ్జెట్ కాగితాలు తిరగేశాను. తెలుగు విభాగం గోడపత్రికలో ఈ లెక్కలేమిటని మేడమ్ అడగొచ్చు. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట వేగులవాళ్ల ప్రస్తావన కూడా ఉంది కదా మేడమ్. ఇప్పటి వేగు ఐదు వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాడు, జీతం మాత్రం మనమే ఇస్తున్నాం.

ముందు ఈఓఎస్-09 సంగతి. ఇది 1,696 కిలోల రాడార్ ఉపగ్రహం. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి పగటి వెలుతురు కావాలి, మబ్బు అడ్డం రాకూడదు. రాడార్ తన తరంగాలను తానే పంపి, తిరిగొచ్చిన వాటితో బొమ్మ కట్టుకుంటుంది కాబట్టి రాత్రి అయినా, వానాకాలం అయినా పని ఆగదు. పంటలకు, అడవులకు, వరదలకు పనికొస్తుందని ఇస్రో చెప్పింది, అది నిజమే. కానీ చెరువు నీళ్లు చూసే కన్నే సరిహద్దునూ చూడగలదు. లెక్కకు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే వస్తువును వ్యవసాయం కింద రాయాలా, రక్షణ కింద రాయాలా?

1999లో కార్గిల్ యుద్ధం వచ్చినప్పుడు మన ఉపగ్రహాల్లో మేలైన ఐఆర్ఎస్-1సీ, 1డీలకు 5.8 మీటర్ల కంటే చిన్న వస్తువు విడిగా కనిపించేది కాదు. బంకరును పట్టుకోవడానికి ఆ చూపు చాలదు. 2001 అక్టోబరు 22న వదిలిన టెస్ ఒక మీటరు దాకా చూసింది. అదే ఏడాది అంతరిక్ష నిఘా కార్యక్రమం మొదటి దశకు అనుమతి వచ్చింది, నాలుగు ఉపగ్రహాలకు. (మన కేజీఎఫ్ బంగారు గనులు మూతబడిందీ ఆ ఏడాదే, ఫిబ్రవరిలో.) 2008 నవంబరులో ముంబై దాడి జరిగాక ఇజ్రాయెల్‌లో తయారైన రీశాట్-2ను తొందర తొందరగా తెప్పించి 2009 ఏప్రిల్ 20న వదిలారు. మనం సొంతంగా చేసుకుంటున్న రీశాట్-1 మాత్రం 2012లో గానీ పోలేదు. ఒకటో నంబరు కంటే రెండో నంబరు ముందు పోయిన కథ ఇది. ముందుగా వేసుకున్న పద్దు వేరు, దెబ్బ తగిలాక వేసే పద్దు వేరు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు దొరకలేదు.

రెండో దశ 2013లో, ఆరు ఉపగ్రహాలకు. మూడో దశను 2024 అక్టోబరులో కేంద్ర భద్రతా వ్యవహారాల కమిటీ ఆమోదించింది. ఈసారి 52 ఉపగ్రహాలు. పేపర్లలో వచ్చిన ఖర్చు 26,968 కోట్ల రూపాయలు. 21 ఇస్రో చేస్తుంది, 31 ప్రైవేటు కంపెనీలు చేస్తాయి. మొదటిది 2026 ఏప్రిల్‌కి, అన్నీ 2029 చివరికి అని లక్ష్యం.

నాలుగు, ఆరు, ఒక్కసారిగా 52 ఎందుకు? 2023 జూలైలో టమోటా ధర మండిపోయినప్పుడు మన పక్క రైతులు రాత్రిళ్లు తోటలోనే పడుకున్నది గుర్తుందా? నాలుగెకరాల తోటకు ఒక్కడే కాపలా అయితే వాడు ఈ గట్టు మీద ఉన్నప్పుడు దొంగ ఆ గట్టున దిగుతాడు. వాడి టార్చి ఎంత మంచిదైనా లాభం లేదు. ఉపగ్రహానిదీ అదే కథ. 2019 నవంబరులో వదిలిన కార్టోశాట్-3 పావు మీటరు దాకా చూడగలదు, గొప్ప చూపు. కానీ ఒక్కసారికి చూసేది సుమారు 16 కిలోమీటర్ల వెడల్పు పట్టీ మాత్రమే. భూమి చుట్టూ గంటన్నరకొక చుట్టు, రోజుకు పదిహేను చుట్లు. కింద భూమి తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి నిన్న చూసిన చోటికి నేడు మళ్లీ వస్తుందని లేదు. మధ్యలో అవతలి వాళ్లు ట్యాంకులు కదిపేసుకుంటారు. అందుకే ఇక్కడ కొనేది చూపు కాదు, ఎంత తొందరగా తిరిగి చూస్తామన్నది. కాపలావాళ్లను పెంచడమొక్కటే దారి.

ఇప్పుడు లెక్క. 26,968ని 52తో భాగిస్తే ఒక్కోదానికి సుమారు 518 కోట్లు. 2025-26లో అంతరిక్ష శాఖకు ఇచ్చింది 13,416 కోట్లు. అంటే చంద్రయానం, గగనయానం, వాతావరణం అన్నీ కలిపి నడిపే శాఖకు రెండేళ్ల బడ్జెట్ ఎంతో ఈ ఒక్క పథకమూ అంత. ఐదేళ్లకు పంచితే ఏటా 5,400 కోట్ల దగ్గర పడుతుంది. కానీ సమంగా పంచి చూడడం తప్పే అనుకుంటున్నా. ఎందుకంటే ఇలాంటి ఉపగ్రహానికి మామూలుగా అనుకునే ఆయుష్షు ఐదేళ్లు. (రీశాట్-2 నాలుగేళ్లకని పోయి పదమూడేళ్లు పనిచేసింది, అది దాని పుణ్యం, దాన్ని నమ్ముకుని పద్దు రాయలేం.) 2026లో పోయేది 2031కి ముసలిదవుతుంది. చివరిది పైకి పోయిన రెండేళ్లకే మొదటిదానికి బదులు సిద్ధం కావాలి. ఇది ఇల్లు కట్టిన ఖర్చు లాంటిది కాదు. ఆవును కొన్నాక రోజూ గడ్డి వేసే ఖర్చు లాంటిది. ఆమోదించిన రోజు పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చేది ఆవు ధర ఒక్కటే.

ఇంకో ఇరుకు ఉంది. 2024 మొత్తంలో శ్రీహరికోట నుంచి జరిగిన ప్రయోగాలు ఐదు. ఒక్కో రాకెట్టులో మూడు నాలుగు ఎక్కించినా, ఇతర పనులన్నీ ఆపుకోకుండా 52 పంపడం ఆ వేగంతో కష్టం. ప్రైవేటు వాళ్లను పిలిచింది అందుకే. ఉపగ్రహాలు చేసే ప్రైవేటు ప్లాంటు ఒకటి మన జిల్లాలోనే ఉందని నాకిప్పుడే తెలిసింది. వేమగల్‌లోని టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ప్లాంటులో టీశాట్-1ఏ అనే ఉపగ్రహాన్ని జోడించారు. మీటరు కంటే చిన్నవి చూడగల కెమెరా ఉన్నదది. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడా నుంచి స్పేస్‌ఎక్స్ రాకెట్టులో పోయింది. కోలారు జిల్లాలో చేసి ఫ్లోరిడాలో ఎక్కించడమంటే, ఉపగ్రహం చేయడం ఒక పద్దు, దానికి బండి దొరకడం ఇంకో పద్దు అన్నమాట.

మళ్లీ అవ్వ ప్రశ్న. మన పక్క బోరు వేయించేవాళ్లకు తెలుసు, ఒక్క బోరుకే దుడ్డు చూసుకుని దిగేవాడు మునుగుతాడు. వెయ్యి అడుగులు పోయి దుమ్ము వస్తే రెండోదానికి చేతిలో ఉండాలి. అమెరికా వాళ్ల మొదటి నిఘా ఉపగ్రహం కరోనా పదిసార్లకు పైగా విఫలమయ్యాక 1960 ఆగస్టులో గానీ ఫిల్ము కిందికి రాలేదు. ఓటమి కూడా వాళ్ల పద్దులో ఉంది కాబట్టే నిలబడ్డారు. అదే అమెరికా 1999లో కొత్త తరం ఉపగ్రహాలను బోయింగ్‌కు అప్పగించి, ఆలస్యం మీద ఆలస్యమయ్యాక 2005లో కెమెరా భాగాన్ని రద్దు చేసుకుంది. నష్టం కనీసం 400 కోట్ల డాలర్లని న్యూయార్క్ టైమ్స్ రాసింది. అక్కడ ఆ ఉపగ్రహాలను నడిపే కార్యాలయం ఒకటుందని ఒప్పుకున్నదే 1992లో. మూడేళ్లకే, ఖర్చు కాని వంద కోట్ల డాలర్లకు పైగా దాని దగ్గర మూలుగుతోందని బయటపడి గొడవైంది. అడిగేవాళ్లు లేనిచోట దుడ్డు పోవడమే కాదు, పేరుకుపోతుంది కూడా.

కెమెరా ఎటు చూస్తోందో నాకు చెప్పనక్కరలేదు. అది దాచాల్సిందే. కానీ ఏ ఏడాది ఎన్ని పైకి పోవాలి, ఎన్ని పోయాయి, ఎన్ని ఆయుష్షు తీరాయి అనే మూడు అంకెలు పార్లమెంటుకు చెబితే శత్రువుకు దక్కేదేమిటో నాకర్థం కాలేదు. ఆకాశంలో ఎన్ని తిరుగుతున్నాయో వాళ్లూ లెక్కపెట్టుకోగలరు కదా.

అవ్వకు ఇదంతా చెప్పాను. పూర్తిగా విని, "సరే, ఇంకోటి ఎప్పుడు వదుల్తారంట?" అంది. బీకాం అక్కలెవరైనా నా భాగహారాల్లో తప్పు చూస్తే పెన్సిలుతో ఈ కాగితం పక్కనే రాయండి.