నులిపురుగుల మాత్ర: కబురు ముందే రావాలి

ప్రశ్న: మా పాప రెండో తరగతి. బడిలో నులిపురుగుల మాత్ర వేశారట. సాయంత్రం కడుపునొప్పి అంటే గానీ మాకు తెలియలేదు. చెప్పకుండా వేయొచ్చా?

జవాబు: మీ కంగారు న్యాయమైనదేనమ్మా. నులిపురుగులకు వేసే ఆ ఆల్బెండజోల్ మాత్ర మంచిదే. సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు. రెండేళ్లు దాటితే 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. పురుగులు ఎక్కువున్న పిల్లలకు కాసేపు నొప్పి, వికారం రావచ్చు. తగ్గకపోతే ఆరోగ్య కేంద్రంలో చూపించండి.

కబురు మాత్రం ముందే రావాల్సింది. జ్వరంతో ఉన్నవాళ్లకు, వేరే మందులు వాడుతున్నవాళ్లకు ఆ రోజు వేయకూడదు. అది చెప్పగలిగేది తల్లిదండ్రులే కదా! ఆ రోజు వేసుకోనివాళ్లకు మరో రోజు వేస్తారు కాబట్టి తొందరేమీ లేదు. హెడ్మాస్టరుగారిని కలిసి, ముందురోజే డైరీలో రాయించమనండి. వాట్సాప్ ఒక్కటే చాలదు, స్మార్ట్‌ఫోను లేని ఇళ్లకు డైరీయే దిక్కు. పాపకు పడని మందులుంటే మీరూ అందులోనే రాసివ్వండి.