తక్‌పట్టీ చదవడం తెలిసినవారికి పాలసీ సంస్థల్లో పనుంది

పబ్లిక్ పాలసీ పరిశోధన సంస్థలో ఉద్యోగమంటే మన దగ్గర ముందుగా గుర్తొచ్చేవి ఢిల్లీ చదువు, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ, తడుముకోకుండా మాట్లాడే ఇంగ్లిషు. మంగళగిరిలోనో తెనాలిలోనో డిగ్రీ చదివి, వార్డు సచివాలయంలోనో సహకార బ్యాంకులోనో మిర్చి యార్డులోనో కొన్నేళ్లు పని చేసినవారు అలాంటి ప్రకటన కంటబడినా "మనకెందుకులే" అని వదిలేస్తారు. ఆ సంస్థల్లో పని చేస్తున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూస్తే ఈ జంకు సగం పోతుంది. మిగతా సగం పోవాలంటే ఏడాదో రెండేళ్లో కష్టపడాలి.

హైదరాబాద్ బేగంపేటలో పాత నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఉన్న సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ (సెస్) సంగతే తీసుకోండి. 1980లో పెట్టారు. దాని వ్యవస్థాపకుల్లో బి.పి.ఆర్. విఠల్ ఐఏఎస్ అధికారి, రాష్ట్ర ఆర్థిక శాఖ వ్యవహారాలు చూసినవారు. సి.హెచ్. హనుమంతరావు వ్యవసాయ ఆర్థికవేత్త, ప్రణాళికా సంఘం సభ్యుడిగా చేశారు. జి. రామరెడ్డి రాజనీతి శాస్త్రం ఆచార్యులు, సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్. ఫైళ్లు నడిపినవారు, లెక్కలు కట్టినవారు, పాఠం చెప్పినవారు అలా ఒక్కచోట చేరారు.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు జయప్రకాశ్ నారాయణ 1980లో ఐఏఎస్‌లో చేరి, 1996లో రాజీనామా చేసి లోక్‌సత్తాను, దానితో పాటు ఫౌండేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్‌ను నడిపారు. సుస్థిర వ్యవసాయ కేంద్రం పెట్టిన జి.వి. రామాంజనేయులు అంతకుముందు కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ఢిల్లీలో చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ సారథి ఎం.ఆర్. మాధవన్ ఐఐటీ, ఐఐఎంలలో చదివి ఆర్థిక మార్కెట్లలో పని చేసినవారు. కె. బాలగోపాల్ లెక్కల మాస్టారు. వరంగల్‌లో పాఠాలు చెప్పి, పౌరహక్కుల ఉద్యమంలో తిరిగి, తర్వాత లాయరయ్యారు. ఆయన ఏ సంస్థలోనూ పరిశోధకుడిగా జీతం తీసుకోలేదు గానీ, భూమి మీద, సాగునీటి మీద, చట్టం మీద ఆయన రాసినవి చదవకుండా ఈ రంగంలో ఎవరూ ముందుకు పోలేరు.

వీళ్లంతా పెద్దవాళ్లు, పెద్ద చదువులవాళ్లు కదా అంటారు. నిజమే. అందుకే పేర్లు పక్కనబెట్టి, ఒక నివేదిక ఎలా తయారవుతుందో చూద్దాం. పైన సంతకం ప్రొఫెసరుది. దాని కింద రీసెర్చ్ అసోసియేట్, రీసెర్చ్ అసిస్టెంట్, ఫీల్డ్ సూపర్‌వైజర్, ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగే ఎన్యూమరేటర్లు ఉంటారు. శాశ్వత ఫ్యాకల్టీ పోస్టులకు పీహెచ్‌డీ కావాల్సిందే, అందులో మొహమాటం లేదు. సెస్‌కు డైరెక్టరుగా చేసి ఆ తర్వాత పంటల మద్దతు ధరలు సిఫారసు చేసే కమిషన్‌కు అధ్యక్షులైన ఎస్. మహేంద్రదేవ్‌ది ఆ దారే. మిగతా మెట్ల మీద మాత్రం సోషల్ వర్క్, లా, అగ్రికల్చర్, స్టాటిస్టిక్స్, జర్నలిజం, నర్సింగ్ చదివినవారు, ఇంజినీరింగ్ వదిలేసి వచ్చినవారు కనిపిస్తారు. ఉద్యోగం చేస్తూ పక్కకు జరిగినవారూ అక్కడే చేరతారు.

వాళ్ల అనుభవానికి విలువ ఎందుకో మన మిర్చితోనే చెబుతాను.

2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసి, 2.68 లక్షల టన్నుల వరకు తేడా సొమ్ము చెల్లించేందుకు ఒప్పుకుంది. కాగితం మీద చూస్తే సులువే: అమ్మిన ధరకూ ఈ ధరకూ తేడా ఎంతో చూసి రైతు ఖాతాలో వేయడం. గుంటూరు యార్డులో గుమాస్తాగా చేసినవాణ్ని అడగండి, చిక్కులన్నీ వరసగా చెబుతాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా అయ్యాక దుకాణంలో రాసే అమ్మకం చీటీ, అంటే తక్‌పట్టీ, ఎవరి పేరున ఉంటుంది? ఈ-క్రాప్‌లో పంట ఎవరి పేరున నమోదైంది? పొలం కౌలుదైతే పట్టాదారు పేరా, సాగు చేసినవాడి పేరా? తేజ రకానికీ నాసిరకం తాలుకాయకూ ఒకే లెక్కా? ఎరువుల కోసం ముందే కమీషన్ దుకాణంలో అప్పు తెచ్చుకున్న రైతు పంటను ఇంకో చోట అమ్మగలడా? కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు మీద అప్పు తీసుకున్నవాడి సంగతేమిటి?

ఇందులో ఒక్కో ప్రశ్నా ఒక్కో పరిశోధన. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకుడికి ఈ ప్రశ్నలు తట్టడానికే నెలలు పడతాయి. గుమాస్తాకు అవి రోజువారీ మాటలు. అయితే ఎంతమంది రైతులకు ఇలా జరిగింది, ఎన్ని తక్‌పట్టీలు చూసి ఆ మాటంటున్నారు అనడిగితే గుమాస్తా దగ్గర జవాబుండదు. అలవాటుగా తెలిసినదాన్ని లెక్కగా చూపించడం నేర్చుకున్న రోజున అతను పరిశోధకుడవుతాడు.

రైతు సేవా కేంద్రంలో పని చేసే వ్యవసాయ సహాయకులకు ఇంకో విషయం తెలుసు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు కార్డు ఇవ్వాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. కార్డు 11 నెలలకే చెల్లుతుంది. అయినా యజమానులు సంతకానికి ఎందుకు వెనకాడతారో, ఏ ఊళ్లో ఏం చెబితే ఒప్పుకున్నారో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. పత్తి, మిర్చి పొలాలకు చాలాచోట్ల కౌలు డబ్బు ముందే కట్టాలి. దాన్ని పెట్టుబడిలో కలపకపోతే సాగు ఖర్చు లెక్కే తప్పు.

సర్వే ఫారాల్లోనూ ఇంతే. "వార్షిక వడ్డీ రేటు" అని గడి ఉంటుంది. రైతు "రెండు రూపాయల వడ్డీ" అంటాడు. తెలియని ఎన్యూమరేటరు 2 అని రాసుకొస్తాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని తెలిసినవాడు 24 రాస్తాడు. ఈ ఒక్క గడి తప్పితే ఆ జిల్లా రైతుల అప్పుల మీద రాసిన అధ్యాయమంతా తప్పే.

మంగళగిరి మగ్గాల దగ్గరికొస్తే "నెలసరి ఆదాయమెంత" అన్న ప్రశ్నకు నేతగాడు తికమకపడతాడు. అతనికి పడుగుకు ఇంత మజూరీ అని లెక్క. వానాకాలం మగ్గం గుంటలోకి నీళ్లొస్తే ఆ రోజుల్లో నేత సాగదు. 2019లో మొదలైన నేతన్న నేస్తం ఏడాదికి 24 వేలు సొంత మగ్గం ఉన్నవారికి ఇచ్చింది. షెడ్డులో ఇంకొకరి మగ్గం మీద నేసేవారు దాని పరిధిలోకి రాలేదు. నేత కుటుంబంలో పుట్టి బీకాం చదివిన అమ్మాయికి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసులో ఎకనామిక్స్ చెప్పిన ఎన్.జి. రంగా దక్షిణాది చేనేతవారి బతుకుల మీద 1930లోనే ఇంగ్లిషులో పుస్తకం తెచ్చారు. ఊరి మీద ఇష్టం, లెక్క మీద పట్టు కలిసి పని చేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

ఇక ఏం నేర్చుకోవాలి?

ముందుగా అంకెలు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేయడం, సగటుకూ మధ్యగతానికీ తేడా చెప్పగలగడం, శాంపిల్ ఎలా తీస్తారో అర్థం చేసుకోవడం మొదటి మెట్టు. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయంలో స్టాటిస్టిక్స్ పాఠాలు వినొచ్చు. జాతీయ నమూనా సర్వేల ముడి డేటాను కేంద్ర గణాంక శాఖ ఎవరికైనా ఇస్తుంది. దాన్ని దించుకుని ఆంధ్రప్రదేశ్ వరకు విడదీసి ఒక్క పట్టిక తయారు చేయగలిగితే, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ పట్టికే ఎక్కువ మాట్లాడుతుంది.

తర్వాత రాత. నా దృష్టిలో మనవాళ్లు ఎక్కువగా వెనకబడేది ఇక్కడే, దీన్ని దాచి లాభం లేదు. నివేదికలు ఇంగ్లిషులోనే ఉంటాయి. దానికి భయపడి ఆగిపోవద్దు. చెప్పదలచుకున్నది ముందు తెలుగులో నాలుగు పేజీలు రాయండి. విషయం తేటగా ఉంటే దాన్ని ఇంగ్లిషులో పెట్టడం సాధనతో వస్తుంది. విషయమే తేటగా లేకపోతే ఏ భాషా కాపాడదు. రోజుకో పీఆర్‌ఎస్ బిల్లు సారాంశం చదవండి. ఒక పెద్ద చట్టాన్ని రెండు పేజీల్లో ఎలా కుదిస్తారో అందులో కనిపిస్తుంది.

కోర్సు తప్పనిసరి కాదు, కానీ ఉపయోగపడుతుంది. ఉద్యోగం మానేయగలిగినవారికి బెంగళూరు నేషనల్ లా స్కూల్లో పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది, హైదరాబాద్‌లో 2021లో మొదలైన కౌటిల్య స్కూల్ ఉంది. మానలేనివారికి బెంగళూరు తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. 25 ఏళ్లు దాటనివారికి పీఆర్‌ఎస్ ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. ఎంపికైనవారు ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర పరిశోధన సహాయకులుగా పని చేస్తారు. ఫీజు కట్టేముందు ఆ కోర్సు చదివినవారిలో ఇద్దరితోనైనా ఫోనులో మాట్లాడండి. ఇప్పుడు వాళ్లేం పని చేస్తున్నారో అడగండి.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి ఒక హెచ్చరిక. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి మీకు వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తూ బహిరంగంగా రాయడం, అనుమతి లేకుండా ఇంకో పని ఒప్పుకోవడం శిక్షకు దారి తీస్తాయి. మీ లాగిన్‌లో కనిపించే లబ్ధిదారుల వివరాలు మీ సొంతం కావు. వాటిని పరిశోధనకు వాడటం తప్పు, ఎవరు అడిగినా ఇవ్వొద్దు. అదే సమాచారం మొత్తాల రూపంలో సమాచార హక్కు చట్టం ద్వారా, శాఖల వెబ్‌సైట్ల నుంచి ఎవరైనా తీసుకోవచ్చు. మీరూ ఆ దారినే తీసుకోండి. సెలవు మీద చదువుకోవడానికీ, డిప్యుటేషన్ మీద వెళ్లడానికీ నిబంధనల్లో దారులున్నాయి. రాజీనామా కాగితం రాసేముందు వాటిని పూర్తిగా చదవండి.

డబ్బు సంగతి కూడా తేటగా మాట్లాడుకోవాలి. మొదటి ఉద్యోగం దాదాపుగా ప్రాజెక్టు కాంట్రాక్టే. ప్రాజెక్టు అయిపోతే జీతమూ అయిపోతుంది. ఢిల్లీలో 1973 నుంచి ఉన్న సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు 2023 ఫిబ్రవరిలో విదేశీ విరాళాల అనుమతి నిలిచిపోయింది, 2024 జనవరిలో రద్దయింది. అంత పేరున్న సంస్థలోనే పరిశోధకులు చాలామంది బయటకు వెళ్లాల్సి వచ్చింది. కాబట్టి ఇంటర్వ్యూలో మీరూ అడగండి: ఈ ప్రాజెక్టుకు డబ్బు ఎవరిస్తున్నారు, ఎన్నాళ్లకు, నివేదికలో పని చేసినవారి పేర్లు వేస్తారా, ఊళ్లకు తిరిగే ఖర్చు ఎవరిది? ఇవి అడిగితే ఏమనుకుంటారోనని సందేహించొద్దు. పద్ధతిగల సంస్థ వీటికి సూటిగా జవాబిస్తుంది. ఇంటి వాయిదాలు కట్టేవారు ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని గానీ పాత ఉద్యోగం వదలకూడదు. అప్పటిదాకా శని, ఆదివారాలు సర్వే పనులకు వెళ్లొచ్చు, పని చేసేచోట అనుమతి ఉంటే.

దరఖాస్తులో "అయిదేళ్ల అనుభవం" అని రాసి వదిలేస్తే చదివేవారికి ఏమీ అర్థం కాదు. "మూడు వార్డుల్లో పింఛను దరఖాస్తులు పరిశీలించాను, తిరస్కరించడానికి ఎక్కువగా కనిపించిన కారణాలు ఇవి" అని రాయండి, మీ ఉద్యోగ నియమాలు ఒప్పుకునేంత వరకే. దానికి మీరు రాసిన నాలుగు పేజీలు జత చేయండి. ఎంచుకున్న విషయం చిన్నదిగా ఉండాలి. "ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ సంక్షోభం" వద్దు. "మా మండలంలో రెండు ఊళ్లలో మిర్చి కౌలు ఎప్పుడు, ఎంత కడుతున్నారు" చాలు. ముప్పై కుటుంబాలతో మాట్లాడి, ఎవరి పేరూ బయటపెట్టకుండా, ప్రతి అంకె ఎక్కడిదో కింద రాసి పంపండి. సంస్థ మెయిలుకు పంపితే పెట్టెలో పడి ఉంటుంది. ఆ విషయం మీద అంతకుముందు రాసిన పరిశోధకుల పేర్లు నివేదికల మీదే ఉంటాయి, వాళ్లకు నేరుగా పంపండి. వాళ్ల నివేదికలో మీ ఊరికి పొసగని అంకె ఏదైనా కనిపించి ఉంటే, ఉత్తరం మొదటి వాక్యంలోనే అది రాయండి.