ప్రోగ్రెస్ బార్‌కు నడక నేర్పడం

ఫోటో అప్‌లోడ్ చేస్తుంటే 12 శాతం దగ్గర ఆగి, ఉన్నట్టుండి 47కి గెంతి, మళ్లీ నిలబడిపోయే గీతను మీరూ చూసే ఉంటారు. లెక్క తప్పి కాదు. డేటా ఎంత వెళ్లిందన్న కబురు యాప్‌కు విడతలుగా అందుతుంది, అందినప్పుడల్లా గీత ఎగురుతుంది. ఆ గెంతును నడకగా మార్చడమే ఇప్పుడు మన పని. ఫ్లట్టర్‌లో ఇందుకు కొత్త ప్యాకేజీ అక్కర్లేదు, దానితోపాటే వచ్చే రెండు విడ్జెట్లు చాలు. అయితే సెకనులోపు ముగిసే పనికి అసలు బార్ పెట్టకండి. మెరిసి మాయమయ్యే గీత చికాకే తెస్తుంది.

ముందు అంకె సంగతి చూద్దాం. బార్‌కు కావలసింది 0 నుంచి 1 మధ్య విలువ. డియో లైబ్రరీతో ఫైలు పంపితే ఆన్‌సెండ్‌ప్రోగ్రెస్ కాల్‌బ్యాక్ పంపిన బైట్లు, మొత్తం బైట్లు రెండూ ఇస్తుంది. భాగించి వ్యాల్యూనోటిఫయర్‌లో ఉంచండి. సెట్‌స్టేట్‌తో స్క్రీన్ మొత్తాన్ని మళ్లీ కట్టించడం దండగ. సెకనుకు 60 ఫ్రేములు చూపే ఫోన్‌లో ఒక్కో ఫ్రేముకు దొరికేది దాదాపు 16 మిల్లీసెకన్లే.

డౌన్‌లోడ్‌లో ఒక మెలిక ఉంది. సర్వర్ కంటెంట్-లెంగ్త్ చెప్పకపోతే మొత్తం -1 అని వస్తుంది. అప్పుడు భాగించకుండా, లీనియర్‌ప్రోగ్రెస్‌ఇండికేటర్‌కు వ్యాల్యూగా నల్ ఇవ్వండి. శాతం చూపకుండా గీత ఒక కొస నుంచి మరో కొసకు పదేపదే సాగుతూ ఉంటుంది. ఎంతసేపో తెలియనప్పుడు అదే నిజాయితీ.

మొత్తం తెలిసినప్పుడు ఆ ఇండికేటర్‌ను ట్వీన్‌యానిమేషన్‌బిల్డర్‌లో చుట్టండి. ట్వీన్ మొదలు 0, చివర మన తాజా విలువ, వ్యవధి 300 మిల్లీసెకన్లు. చివరి విలువ మారిన ప్రతిసారీ ఇది గీత ఎక్కడుందో అక్కడి నుంచే కొత్త గమ్యానికి బయలుదేరుతుంది, మళ్లీ సున్నాకు పోదు. కంట్రోలర్ రాయడం, దాన్ని డిస్పోజ్ చేయడం లాంటి తంటా ఉండదు.

కర్వ్ ఎంపికలో మాత్రం జాగ్రత్త. చాలామంది అలవాటుగా ఈజ్‌ఇన్‌అవుట్ పెడతారు. అది మెల్లగా మొదలై తర్వాత వేగం అందుకుంటుంది. కాల్‌బ్యాక్ తరచూ వస్తుంటే యానిమేషన్ పదేపదే కొత్తగా మొదలవుతుంది, ప్రతిసారీ ఆ మెల్లటి మొదలే నడుస్తుంది. దాంతో గీత అసలు విలువకు వెనకబడిపోతుంది. ఈజ్‌అవుట్ పెడితే మొదటే వేగంగా కదులుతుంది కాబట్టి ఈ బాధ తప్పుతుంది.

పక్కన శాతం రాస్తే ముడి విలువ కాకుండా బిల్డర్ ఇచ్చే విలువనే రాయండి, లేదంటే గీత ఒకటి చెబితే అంకె ఇంకొకటి చెబుతుంది. రౌండ్ వద్దు, ఫ్లోర్ వాడండి. 99.6ను రౌండ్ చేస్తే పని కాకముందే 100 కనబడుతుంది. బైట్లన్నీ వెళ్లాక కూడా సర్వర్ జవాబు రావాలి కదా! ఆ కాస్త సేపూ 100 దగ్గర గీతను నిలబెట్టకుండా "సరిచూస్తున్నాం" అని రాసి, వ్యాల్యూ నల్‌కు మార్చండి.

రంగు, మందం, గుండ్రటి అంచులు మీ డిజైనర్ ఇష్టం. గీతలో వెనక్కి జారే చారలు గీస్తే అదే నిరీక్షణ సుమారు 11 శాతం తక్కువగా అనిపిస్తుందని క్రిస్ హారిసన్ బృందం 2010లో చూపింది. అలంకారంగా అది బాగానే ఉంటుంది. అసలు పనితో సంబంధం లేకుండా టైమర్‌తో అంకెను నడిపించడం మాత్రం వాడుకరిని మోసగించడమే.

సెమాంటిక్స్‌లేబుల్‌లో "ఫోటో అప్‌లోడ్" అని రాస్తే చూపు లేనివారికి టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో యానిమేషన్లు ఆపుకున్నవారి కోసం మీడియాక్వెరీలో డిసేబుల్‌యానిమేషన్స్ చూసి, వ్యవధిని సున్నా చేయండి.

చివరిగా, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ సెల్యులార్ విభాగంలో నెట్‌వర్క్‌ను ఎడ్జ్‌కు మార్చి ఒక పెద్ద ఫోటో పంపి చూడండి. ఆఫీసు వైఫైలో మాత్రమే చూసిన బార్‌ను రిలీజ్ చేయకండి.