రాష్ట్రపతిని విమర్శించవచ్చా? నీలం సంజీవరెడ్డి గారి ఉదంతం

సాహిత్య విమర్శ మన సిలబస్‌లో ఉంది. లక్షణాలు, భేదాలు చదువుకుని పరీక్ష రాసేస్తాం. అదే మాట రాజకీయాల్లోకి వచ్చేసరికి మన మనసులో దాని అర్థం మారిపోతుంది. "నిన్న మీటింగులో ఆయన్ని భలే విమర్శించాడు" అంటే "భలే తిట్టాడు" అనే అర్థం చేసుకుంటాం. అందుకే పెద్ద పదవిలో ఉన్నవాళ్ల మీద ఎవరైనా ఒక మాట అంటే కొందరికి కోపం, కొందరికి సరదా. ఆ మాట నిజమా కాదా అని చూసేవాళ్లు తక్కువ. విమర్శ వేరు, నింద వేరు అని ఒక రాష్ట్రపతి జీవితం ఆధారంగా చెప్పుకుందాం.

ముందు మాట పుట్టుక చూద్దాం. 'విమర్శ'లో ఉన్న ధాతువు 'మృశ్'. తాకడం, తడిమి చూడడం అని దాని అర్థం. 'పరామర్శ' కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. ఒంట్లో బాగాలేని వాళ్ల ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని, ఎలా ఉందని అడగడం పరామర్శ. విషయం దగ్గరికి వెళ్లి, తడిమి, ఇది ఇలా ఎందుకుందని అడగడం విమర్శ. రెండింటికీ దగ్గరికి వెళ్లాలి. నిందకి ఆ శ్రమ అక్కర్లేదు, దూరం నుంచి విసిరేసి పోవచ్చు.

ఇక రాష్ట్రపతినే ఎందుకు ఎంచుకున్నామంటే, మన రాజ్యాంగంలో ఆ పదవికి ఉన్నంత రక్షణ ఇంకో పదవికి లేదు. 361వ అధికరణం ప్రకారం తన అధికారాలు వాడిన తీరుకి రాష్ట్రపతి ఏ కోర్టుకీ జవాబు చెప్పనక్కర్లేదు. పదవిలో ఉండగా క్రిమినల్ కేసు నడపకూడదు. పార్లమెంటులో కూడా మామూలు చర్చలో ఆయన నడవడిని తప్పుపట్టకూడదు, దానికి ప్రత్యేక తీర్మానం ఉండాలి. 61వ అధికరణం కింద అభిశంసన ఉంది కానీ, దానికి ఒక సభలో నాలుగోవంతు సభ్యుల సంతకాలు, 14 రోజుల నోటీసు, ఆపైన రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఇంతవరకూ ఏ రాష్ట్రపతినీ అలా తొలగించలేదు. అంటే రోజువారీగా ఆ పదవిని ప్రశ్నించగలిగేది పత్రికలూ ప్రజలూ మాత్రమే. మరి ఆ ప్రశ్న సరిగ్గా అడగడం తెలియాలి కదా!

నీలం సంజీవరెడ్డి గారు 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి. 1977 నుంచి 1982 వరకు రాష్ట్రపతి. ఆయన మీద వచ్చిన మాటల్లో మూడు సందర్భాలు చూద్దాం.

మొదటిది 1964. అప్పుడాయన రెండోసారి ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోవడం మీద ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. దీని వెనక రాజకీయ కక్ష ఉందని వాళ్ల ఆరోపణ. ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేసి దాన్ని కాదనలేదు. కాదనలేదు కాబట్టి ఆ ఆరోపణ అలాగే నిలబడిందని కోర్టు భావించింది. తీర్పు వచ్చాక ఆయన రాజీనామా చేశారు. దిగిపొమ్మని కోర్టు ఆదేశించలేదు, తనంతట తానే దిగారు. ఇక్కడ ఆరోపణ చేసినవాళ్లకి పేర్లున్నాయి, చెప్పిన పనికి వివరాలున్నాయి, జవాబు చెప్పుకునే అవకాశం ఉంది. అందుకే ఆ మాటకి బలం వచ్చింది.

రెండోది 1969. రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికార అభ్యర్థి సంజీవరెడ్డి గారు. ఆయనతో పోటీపడి గెలిచింది మన బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారు. ఇద్దరూ తెలుగువాళ్లే! ఆ ఎన్నికల సమయంలో సంజీవరెడ్డి గారి వ్యక్తిగత జీవితం మీద బురద చల్లే కరపత్రం ఒకటి ఎంపీల మధ్య తిరిగింది. రాసినవాళ్ల పేరు లేదు. ఎన్నిక చెల్లదంటూ వేసిన కేసులో ఈ కరపత్రం సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970లో గిరి గారు రాష్ట్రపతి హోదాలో ఉండి కూడా కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. కరపత్రం వెనక గిరి గారి చెయ్యి ఉందని రుజువు కాలేదు, పిటిషన్ కొట్టేశారు. కానీ ఆ కాగితం మాత్రం నిందకి మంచి ఉదాహరణ. అందులో పదవి గురించి గానీ, చేసిన పని గురించి గానీ ప్రశ్న లేదు. మనిషి పరువు తీయడమే ఉద్దేశం. పైగా పేరు దాచుకున్నారు కాబట్టి ఎవరికి జవాబు చెప్పాలో కూడా తెలియదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, 1979. రెండేళ్ల ముందు ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాలుంటే జనతా పార్టీ గెలిచింది ఒక్కటే, నంద్యాల. గెలిచినది సంజీవరెడ్డి గారు. ఆ తర్వాత స్పీకర్ అయ్యారు, అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1979 జులై 15న ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. జులై 28న చరణ్ సింగ్ ప్రధాని అయ్యారు. ఆగస్టులో సభ విశ్వాసం పొందాలని రాష్ట్రపతి షరతు. మద్దతిస్తామన్న ఇందిరా కాంగ్రెస్ వెనక్కి తగ్గడంతో, సభ మొదలయ్యే ఆగస్టు 20నే సభకి వెళ్లకుండా చరణ్ సింగ్ రాజీనామా చేశారు. లోక్‌సభ రద్దు చేయమని సలహా ఇచ్చారు. ఈలోగా జనతా పార్టీ జగ్జీవన్ రామ్‌ని నాయకుడిగా ఎన్నుకుంది. నాకు అవకాశం ఇవ్వండని ఆయన అడిగారు. రాష్ట్రపతి ఇవ్వలేదు. ఆగస్టు 22న లోక్‌సభ రద్దయింది.

దేశమంతా గొడవ. ఏ పార్టీ ఆయన్ని రాష్ట్రపతిని చేసిందో ఆ పార్టీయే ఆయన మీద విరుచుకుపడింది. అప్పుడొచ్చిన మాటల్ని వేరుచేసి చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి: సభని ఒక్కరోజు కూడా ఎదుర్కోని ప్రధాని సలహాతో సభని రద్దు చేయడం ఏమిటి? ఇది రాజ్యాంగ ప్రశ్న. మంత్రిమండలి లోక్‌సభకి బాధ్యత వహించాలని 75వ అధికరణం చెబుతోంది కాబట్టి ప్రశ్న గట్టిదే.

రెండు: జగ్జీవన్ రామ్‌కి బలం ఉందో లేదో సభలో తేల్చుకోమనవచ్చు కదా? చరణ్ సింగ్‌కి దొరికిన అవకాశం ఆయనకెందుకు దొరకలేదు? ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ఆయన దళిత నాయకుడు. ఆ రోజు మూసుకున్న తలుపు గురించి ఇప్పటికీ బాధపడేవాళ్లున్నారంటే ఆశ్చర్యం లేదు. ఈ దేశానికి దళిత ప్రధాని ఇంతవరకూ రాలేదు.

మూడు: రాష్ట్రపతికి ఫలానా వాళ్లంటే పడదు, కావాలనే చేశారు. ఇది ఆయన మనసులో మాట గురించి. రుజువు చెయ్యలేం, కాదని కూడా చెప్పలేం. దీని మీదే ఆగిపోతే విమర్శ నింద వైపు జారిపోతుంది.

రెండో పక్షం కూడా వినాలి. అప్పటికి ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు, అది 1985లో వచ్చింది. ఎంపీలు అటూ ఇటూ మారుతున్నారు. ఇందిరా కాంగ్రెస్ కూడా ఎన్నికలే కోరింది. ఇంకో బలహీన ప్రభుత్వం కంటే ప్రజల దగ్గరికే వెళ్లడం మేలని రాష్ట్రపతిని సమర్థించినవాళ్లు అన్నారు. సంజీవరెడ్డి గారు కూడా 1989లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో తన వైపు వాదన చెప్పుకున్నారు. ఇవన్నీ విన్నాక కూడా నాకు రెండో ప్రశ్నకి సరైన జవాబు కనిపించలేదు. బలం లేకపోతే సభలోనే తేలిపోయేది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు కారణాలు రాయండి.

విమర్శించేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది: పని ఎవరిది, సంతకం ఎవరిది? మన రాష్ట్రపతికి సొంత విధానాలు ఉండవు, మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలి. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశారు. విధానం ప్రధాని ఇందిరాగాంధీది. కానీ అప్పటికి కేబినెట్ సమావేశమే కాలేదు. "కేబినెట్ నిర్ణయం ఏదీ?" అని అడక్కుండా సంతకం పెట్టడం రాష్ట్రపతి నడవడి. ఆ ఏడాది డిసెంబరులో కార్టూనిస్టు అబూ అబ్రహాం ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక బొమ్మ వేశారు. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చునే ఆర్డినెన్సు మీద సంతకం చేసి బయటికి అందిస్తుంటారు. అబూ ఆయన రూపాన్నో మతాన్నో ఎగతాళి చెయ్యలేదు. చదవకుండా సంతకం పెట్టే అలవాటునే పట్టుకున్నారు. అందుకే ఆ బొమ్మ ఇన్నేళ్లయినా నిలబడింది.

విమర్శ వల్ల ఏమిటి లాభం అంటారా? 1978 నాటి 44వ సవరణ చూడండి. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదన్నారు. కేబినెట్ సలహాని ఒకసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనే హక్కు రాష్ట్రపతికి ఇచ్చారు. జనం అడిగిన ప్రశ్న రాజ్యాంగంలో వాక్యం అయింది. నింద ఎప్పుడూ అలా వాక్యం కాలేదు, 1969 కరపత్రం చెత్తబుట్టలోకే పోయింది.

మనం ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లం. తెలుగువాడు రాష్ట్రపతి అయ్యాడంటే గర్వంగా ఉంటుంది, ఉండాలి కూడా. అయితే మనవాడు కాబట్టి అడక్కూడదు అనుకుంటే విమర్శ పోయి పొగడ్త మిగులుతుంది. పరాయివాడు కాబట్టి ఏమన్నా అనొచ్చు అనుకుంటే నింద మిగులుతుంది. ఎవరినైనా ఒకే కొలతతో కొలవాలి.

అభ్యాసం (జవాబులు కింద అతికించిన తెల్లకాగితం మీద పేరుతో సహా రాయండి):

1. ఈ వారం పేపర్లో ఒక పెద్ద నాయకుడి మీద వచ్చిన ఒక మాట తీసుకోండి. అది ఆయన చేసిన పని గురించా, ఆయన గురించా?

2. ఆ మాట అన్నవాళ్ల పేరుందా? ఆధారం చూపించారా?

3. అవతలి పక్షం జవాబు ఏమిటి? అది విన్నాక కూడా ప్రశ్న నిలబడిందా?

4. విమర్శ, పరామర్శ, నింద, దూషణ, ఎత్తిపొడుపు: ఈ అయిదు మాటలకీ తేడా తెలిసేలా సొంత వాక్యాలు రాయండి.